ఏ కోర్సో తేలడం లేదన్న సెకండ్ పీయూ అమ్మాయికి

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెకండ్ పీయూ, అంటే కర్ణాటకలో ఇంటర్ రెండో ఏడాది. పీసీఎంసీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్) కాంబినేషన్. ఇల్లు మారతహళ్లిలో, సొంతూరు పొద్దుటూరు దగ్గర పల్లె. మ్యాథ్స్‌లో మార్కులు బాగా వస్తాయి, హిస్టరీ పుస్తకాలు ఎవరూ చెప్పకుండానే చదువుతావు, బొమ్మలు వేస్తావు, కోడింగ్ వచ్చు గానీ దాని మీద అంత మనసు లేదు. నాన్నగారు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. చివర్లో ఇలా అడిగావు: "క్లాసులో అందరికీ ఏం చదవాలో తెలుసు మేడమ్, నాకొక్కదానికే తెలియడం లేదు. నాలో ఏదైనా లోపం ఉందా?"

లోపం ఏమీ లేదు తల్లీ. నేను ఇరవై మూడేళ్లుగా బెంగళూరులో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఏటా అడ్మిషన్ల టేబుల్ దగ్గర కూర్చుంటాను. "నాకు తెలుసు" అంటూ వచ్చే పిల్లల్ని "ఆ కోర్సులో రెండో ఏడాది ఏం చెబుతారు?" అని అడిగితే చాలామంది తల దించుకుంటారు. వాళ్లకు తెలిసింది కోర్సు పేరు. లోపల ఏముంటుందో నీకెంత తెలియదో వాళ్లకూ అంతే తెలియదు కాబట్టి, వాళ్లు నీకంటే ముందున్నారని అనుకోవద్దు.

ఇంకో సంగతి ఆలోచించు. ఇంతవరకూ నువ్వు చదివినవి ఐదారు సబ్జెక్టులు. జియాలజీ, భాషాశాస్త్రం, ఎకనామిక్స్, ఆర్కిటెక్చర్, నేను చెప్పే స్టాటిస్టిక్స్, ఇవేవీ ఎలా ఉంటాయో నీకు తెలిసే అవకాశమే లేదు. నోట పెట్టని కూర రుచి చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

మా సబ్జెక్టులో పెద్దాయన సి.ఆర్. రావు గారి సంగతి చెబుతాను, నా క్లాసులో మొదటి రోజు చెప్పేది కూడా ఇదే. ఆయన 1920లో ఈ కర్ణాటకలోనే, హూవిన హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివారు. యుద్ధం రోజుల్లో సైన్యంలో సర్వే పని కోసం ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ తీసుకుంటున్నారు. ఆయన్ని పట్టుకుని రావు గారు ఆ సంస్థ చూడడానికి వెళ్లి, 1941లో అందులోనే చేరిపోయారు. నాలుగేళ్ల తర్వాత, 1945లో ఆయన రాసిన ఒక్క పేపర్లోని ఫలితాలను ఇవాళ ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతి పిల్లా పిల్లవాడూ నేర్చుకుంటారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. పదిహేడేళ్లప్పుడు ఆయన్ని ఏం చదువుతావని అడిగి ఉంటే స్టాటిస్టిక్స్ అని చెప్పి ఉండేవారు కాదు. కానీ కలకత్తా రైలెక్కే నాటికి ఆయన చేతిలో గట్టి మ్యాథ్స్ ఉంది. నేను నీకు చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నీ ప్రశ్నను రెండు ముక్కలు చెయ్. ఈ జూన్, జులైలోపు తేల్చక తప్పనిది ఏది? రెండేళ్లు ఆగి తేల్చుకున్నా నష్టం లేనిది ఏది? మనం ఈ రెండింటినీ కలిపేసి, జీవితమంతా ఈ ఎండాకాలంలోనే తేలిపోవాలి అన్నట్టు టెన్షన్ పడతాం.

ఆగగలిగినవి చూడు. లా కావాలంటే ఏ డిగ్రీ తర్వాతైనా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్ కూడా 2022 నుంచి మూడేళ్ల కోర్సు నడుపుతోంది. ఎంబీఏకి ఏ డిగ్రీ అయినా సరే. సివిల్స్ కూడా అంతే. జర్నలిజం, హిస్టరీ ఎంఏ కూడా చాలా యూనివర్సిటీల్లో ఏ డిగ్రీ వాళ్లకైనా దొరుకుతాయి. మ్యాథ్స్ చదివి ఎంసీఏ ద్వారా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాళ్లు నా క్లాసుల్లోంచే ఏటా ఉంటారు. ఇవన్నీ రేపు కూడా తెరిచే ఉండే తలుపులు.

ఇక మూసుకుపోయే తలుపుల్లో నీ విషయంలో ముఖ్యమైనది మ్యాథ్స్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మా కాలేజీలో నేను చూసిన ఏడుపుల్లో సగం దీని వల్లే. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. పీయూలో మ్యాథ్స్‌కి తొంభైకి పైగా మార్కులు. ఆ రెండేళ్ల కోచింగ్‌తో విసిగిపోయి, ఇక లెక్కలు వద్దంటూ ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ తీసుకుంది. చక్కగా చదివింది. ఎకనామిక్స్ మీద నిజమైన ప్రేమ పుట్టింది. తీరా మూడో ఏడాది ఎంఏ ఎంట్రన్స్ పేపర్లు తీసి చూస్తే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ప్రశ్నలే ఎక్కువ. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఇంట్లో కూర్చుని, నా దగ్గరికి వస్తూ, కాలిక్యులస్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. సీటు వచ్చింది, ఇప్పుడు బాగుంది. ఆ ఏడాది మాత్రం ఆ పిల్ల పడిన బాధ నాకు గుర్తుంది. మ్యాథ్స్ పక్కన ఎకనామిక్స్ పెట్టుకునే కాంబినేషన్ అదే కాలేజీలో ఉంది. ఎవరూ చెప్పలేదు, తను అడగలేదు.

మ్యాథ్స్ ఉన్నవాళ్లు తర్వాత ఎకనామిక్స్ వైపు, డేటా వైపు, ఇన్సూరెన్స్‌లో రిస్కు లెక్కలు కట్టే యాక్చువరీ పని వైపు, ఫైనాన్స్ వైపు నడిచి వెళ్లగలరు. స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేస్తే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు. అటు నుంచి ఇటు రావడం మాత్రం చాలా కష్టం. నీకు మ్యాథ్స్ వచ్చు, దాంతో పేచీ లేదు. కాబట్టి నువ్వు ఏది తీసుకున్నా అందులో మొదటి రెండేళ్లు మ్యాథ్స్ ఉండేలా చూసుకో. ఇదొక్కటీ తేల్చుకుంటే నీ నిర్ణయంలో సగం అయిపోయినట్టే.

తేల్చుకునే పనిని కాలేజీలోకి వెళ్లాక పెట్టుకోనిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. మన ఊళ్లోనే ఐఐఎస్సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) నాలుగేళ్ల బీఎస్ కోర్సు 2011లో మొదలైంది. మొదటి మూడు సెమిస్టర్లు అందరూ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ అన్నీ చదువుతారు, ఆ తర్వాతే మేజర్ ఎంచుకుంటారు. మీ సొంతూరికి దూరం కాని తిరుపతిలో సైన్స్ చదువుల కేంద్ర సంస్థ ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ కూడా అలాంటిదే. సైన్సులన్నీ మొదట చదివించి తర్వాత ఎంచుకోమంటారు. ఐఐఎస్సీ సీటు చాలా కష్టం, అది నీకూ తెలుసు. సర్జాపుర వైపు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో సైన్స్ పిల్లలూ హిస్టరీ, ఎకనామిక్స్ పిల్లలూ ఒకే క్యాంపస్‌లో చదువుతారు, ఒకరి క్లాసులు ఇంకొకరు కొంత తీసుకునే వీలుంటుంది. మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీమ్యాథ్ అనే మ్యాథ్స్ డిగ్రీ ఉంది, చెన్నై దగ్గర సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఈ రెండూ మ్యాథ్స్ అంటే పడిచచ్చేవాళ్లకు. నీ ప్రశ్నలో ఆ పిచ్చి నాకు కనపడలేదు. అయినా ఎంట్రన్స్ రాసి చూస్తే తప్పులేదు. మామూలు డిగ్రీ కాలేజీల్లో మూడు సబ్జెక్టులు కలిపి చదివే కాంబినేషన్లున్నాయి. కర్ణాటకలో 2024-25 నుంచి రాష్ట్ర యూనివర్సిటీల్లో డిగ్రీ మళ్లీ మూడేళ్లయింది. మ్యాథ్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ కలిపిన కాంబినేషన్ నీలాంటి పిల్లకు మంచిదని నా నమ్మకం. నా సబ్జెక్టు కాబట్టి చెబుతున్నానని అనుకుంటే నాన్నగారితో కలిసి ఇంకొకరిని కూడా అడుగు.

ఇంజనీరింగే అని ఇంట్లో తేలితే అప్పుడు చేయాల్సింది ఇది. పేరు పొడుగ్గా ఉన్న బ్రాంచ్ కంటే పేరు పొట్టిగా ఉన్న బ్రాంచ్ తీసుకో. సీఎస్‌ఈ విత్ ఇది, సీఎస్‌ఈ విత్ అది అని ఇప్పుడు చాలా వచ్చాయి. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, ఇవి అన్నింట్లోనూ ఉంటాయి. ఇంకా ఏదీ తేల్చుకోని మనిషి పద్దెనిమిదేళ్లకే ఇరుకు దారిలోకి వెళ్లడం ఎందుకు? మామూలు సీఎస్‌ఈ గానీ, ఈసీఈ గానీ తీసుకుంటే ఆ ప్రత్యేకమైనవన్నీ మూడో ఏడాదిలో ఎలక్టివ్‌గా చదువుకోవచ్చు. మొదటి ఏడాది అయ్యాక బ్రాంచ్ మార్చుకోవచ్చులే అన్న ధైర్యంతో మాత్రం చేరకు. సీట్లు ఖాళీ ఉండాలి, మార్కులు ఉండాలి, కాలేజీ ఒప్పుకోవాలి. ఆ ఆశతో చేరి నాలుగేళ్లు మనసు చంపుకుని చదివినవాళ్లు నా బంధువుల్లోనే ఉన్నారు.

కర్ణాటకలో ఇంజనీరింగ్ సీట్లు కేటాయించే కేఈఏ కౌన్సెలింగ్‌లో ఒక మంచి గుణం ఉంది, తేల్చుకోలేనివాళ్లకు అది మేలు. ఆప్షన్ ఎంట్రీలో ఒక్కటే రాయమని ఎవరూ అడగరు. కాలేజీ, బ్రాంచ్ జంటల్ని ఒకదాని కింద ఒకటి నీ ఇష్టం ప్రకారం వరుసగా రాస్తావు. "ఏది కావాలి" అని కూర్చుంటే రాత్రంతా తేలదు. "ఈ రెండింట్లో ఏది మేలు" అంటే పది నిమిషాల్లో తేలుతుంది. అలా జంటలు జంటలుగా పోల్చుకుంటూ వెళ్తే వరుస దానంతటదే వస్తుంది. నాన్నగారిని కూడా విడిగా కూర్చుని ఇలాగే ఒక వరుస రాయమను. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ గొడవ మీరనుకున్నంత పెద్దది కాదని తెలుస్తుంది. అసలు కేటాయింపుకి ముందు నమూనాగా ఇచ్చే మాక్ అలాట్‌మెంట్ వచ్చాక ఏది వచ్చేలా ఉందో చూసి మార్చుకోవచ్చు కూడా.

ఇక ఏది నచ్చుతుందో పరీక్షించుకోవడం ఎలా? సబ్జెక్టు గురించి వీడియోలు చూసి తేల్చుకోకు. వీడియోలో ప్రతి సబ్జెక్టూ బాగానే ఉంటుంది. ఇక్కడి ఇంజనీరింగ్ యూనివర్సిటీ వీటీయూ వెబ్‌సైట్‌లో సిలబస్‌లు, మోడల్ ప్రశ్నపత్రాలు ఉంటాయి. సీఎస్‌ఈ మూడో సెమిస్టర్‌ది తియ్. మొదటి సెమిస్టర్ వద్దు, అది పీయూకి కొనసాగింపే. మూడో సెమిస్టర్‌లో ఆ సబ్జెక్టు అసలు ముఖం కనపడుతుంది. ఎకనామిక్స్‌కీ స్టాటిస్టిక్స్‌కీ కూడా అలాగే చెయ్. ఒక్కో సబ్జెక్టులో ఒక యూనిట్ తీసుకుని, ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్న పాఠాలు పెట్టుకుని, నోట్స్ రాసుకుని, నాలుగైదు ప్రశ్నలకు చేత్తో జవాబులు రాయి. ఒక్కోదానికి వారం పడుతుంది. వారం చివర నిన్ను నువ్వు అడగాల్సింది ఒక్కటే: ఇందులో విసుగు పుట్టించే భాగం ఏదో తెలిసిందా, ఆ విసుగుని నేను ఓర్చుకోగలనా?

ఎందుకంటే ప్రతి పనిలోనూ సగం భాగం విసుగే. స్టాటిస్టిక్స్‌లో సగం కాలం ఎవరో తప్పుగా ఎక్కించిన అంకెలు వెతికి సరిచేయడంలో పోతుంది. నాకు ఆ పని గంటల కొద్దీ చేసినా విసుగు రాదు. నా స్నేహితురాలికి, అదే ఎమ్మెస్సీ చదివినా, ప్రాణం పోయినట్టుండేది. తను రెండేళ్లలో ఈ రంగం వదిలేసింది.

ఇంకాస్త నిజమైన రుచి కావాలంటే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ ఉంది, 2020లో మొదలుపెట్టారు. అందులో చేరడానికి ముందు నాలుగు వారాల పాఠాలు, అసైన్‌మెంట్లు, ఆ పైన ఒక క్వాలిఫయర్ పరీక్ష ఉంటాయి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లీష్. తర్వాత చేరినా చేరకపోయినా, ఆ నాలుగు వారాలు నీ గురించి నీకు చాలా చెబుతాయి. ఒకేసారి రెండు డిగ్రీలు చేయడానికి యూజీసీ 2022లో ఒప్పుకుంది కాబట్టి, వేరే డిగ్రీ చదువుతూ కూడా ఇది చేస్తున్న పిల్లలు ఉన్నారు.

హిస్టరీ, బొమ్మలు, మ్యాథ్స్ మూడూ ఇష్టమని, వాటికి పొంతన కుదరదని బాధపడ్డావు. అక్కడ నాకు ఒకటి గుర్తొచ్చింది. నృపతుంగ రోడ్డులో మిథిక్ సొసైటీ అని పాత సంస్థ ఉంది. బెంగళూరు చుట్టుపక్కల పొలాల్లో, గుడి గోడల పక్కన, డ్రైనేజీల దగ్గర పడి ఉన్న శాసనాలను వాళ్లు త్రీడీ స్కానింగ్ చేసి భద్రపరుస్తున్నారు. రాయి మీద అరిగిపోయి కంటికి ఆనని అక్షరం స్కాన్‌లో తేటగా కనిపిస్తుంది. ఆ పనిలో కంప్యూటర్ ఉంది, జ్యామితి ఉంది, గీత మీద చూపు ఉంది, చరిత్ర ఉంది. బేగూరు గుడిలో "బెంగళూరు" పేరున్న పాత కన్నడ శాసనం ఉంది, దాదాపు క్రీస్తు శకం 900 నాటిది. ఒక ఆదివారం వెళ్లి చూడు, మారతహళ్లి నుంచి ఒక పూట పని. మొట్టమొదటి తెలుగు శాసనంగా చెప్పే కలమల్ల రాయి మీ పొద్దుటూరుకి దగ్గర్లోదే, క్రీస్తు శకం 575 నాటిది. రేపే శాసనాల చదువులో చేరిపో అని నేను అనడం లేదు. నీ మూడు ఇష్టాలూ కలిసే పనులు లోకంలో ఉన్నాయి, వాటికి ఇంటర్ స్థాయిలో కోర్సు పేరు ఉండదు, అంతే. గట్టి మ్యాథ్స్, కోడింగ్ చేతిలో ఉండి చరిత్ర మీద ప్రేమ ఉన్న మనిషి అలాంటి చోట్లకు చాలా అవసరం.

నాన్నగారి సంగతి. ఆయన భయం ఉత్త భయం కాదమ్మా. పల్లె నుంచి వచ్చి ఈ ఊళ్లో ఇల్లు నిలబెట్టింది ఆ కంప్యూటర్ చదువే. దాన్ని కాదనడం ఆయనకు తన జీవితాన్నే కాదన్నట్టు వినపడుతుంది. వాదన పెట్టుకోకుండా ఒకరోజు అడుగు: "నాన్నా, నిన్న ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేశావు? గంట గంటకీ చెప్పు." మీటింగులెన్ని, కోడ్ ఎంత, ఎవరి తప్పు ఎవరు సరిచేశారు, అంతా విను. ఆయన పని నీకు నిజంగా తెలుస్తుంది. అది విన్నాక కంప్యూటర్ సైన్సే బాగుందనిపించినా అనిపించవచ్చు. అప్పుడు సంతోషంగా చేరు. ఆ తర్వాత ఆయన్ని రెండు సంగతులు స్పష్టంగా అడుగు: ఇంట్లో ఎన్నేళ్ల చదువుకు డబ్బు ఉంది, నువ్వు ఎప్పటికి సంపాదించాలని అనుకుంటున్నారు. ఎమ్మెస్సీ దాకా ఐదేళ్లు చదివించగలిగిన ఇల్లు, మూడేళ్లకే జీతం రావాల్సిన ఇల్లు ఒకే కోర్సు ఎంచుకోలేవు. ఈ మాట అడగడానికి పిల్లలు మొహమాటపడతారు, చెప్పడానికి తల్లిదండ్రులు మొహమాటపడతారు. మధ్యలో తప్పు సీటు తీసుకుంటారు.

ఒక జాగ్రత్త. ఫలితాలు రాకముందే సీటు బుక్ చేస్తామని ఫోన్లు మొదలవుతాయి. తేలని పిల్లల ఇళ్లకే ఇవి ఎక్కువ వస్తాయి. పోయినేడాది కంటే ముందు నా స్టూడెంట్ తమ్ముడొకడు ఒక ప్రైవేట్ కాలేజీలో ఇలా చేరి, నెల తిరక్కుండా వేరే చోట సీటు వస్తే, ఒరిజినల్ మార్క్స్ కార్డులు తెచ్చుకోవడానికి మూడు వారాలు తిరిగాడు. ఒరిజినల్స్ చూసి వెనక్కి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. సీటు వదులుకుంటే ఫీజు వాపసుకు కూడా ఏటా తేదీలు ప్రకటిస్తుంది. 2024-25లో సెప్టెంబర్ 30 వరకు వదులుకున్నవాళ్లకు మొత్తం వెనక్కి ఇవ్వమంది. నువ్వు చేరే ఏడాది తేదీ ఏమిటో చూసుకుని, రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దని ఇంట్లో చెప్పు.

ఇప్పుడు మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి చదువుకో. కర్ణాటక ఎంట్రన్స్ సీఈటీలో ఇంజనీరింగ్ ర్యాంకుకి పీయూ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులు సగం, సీఈటీ మార్కులు సగం లెక్కపెడతారు కాబట్టి పీయూ పరీక్ష తేలిగ్గా తీసుకునేది కాదు. మధ్యలో ఒక్క పనే చెయ్: తిరుపతి ఐసర్, అజీం ప్రేమ్‌జీ, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, నచ్చిన డిగ్రీ కాలేజీలు, వీటి అప్లికేషన్లకు చివరి తేదీలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించు, వచ్చినప్పుడల్లా నింపెయ్. అప్లికేషన్ వేయడం అంటే నిర్ణయం తీసుకోవడం కాదు. సీఈటీ అయ్యాక ఆప్షన్ ఎంట్రీ మొదలయ్యే దాకా నీకు కొన్ని ఖాళీ వారాలు దొరుకుతాయి. నేను చెప్పిన యూనిట్ చదవడం, బేగూరు వెళ్లడం, నాన్నగారిని అడగడం ఆ వారాల్లో పెట్టుకో. జనవరి మొదటి ఆదివారం చిత్రసంతె జరిగేటప్పుడు మాత్రం ఒక గంట కుమారకృప రోడ్డుకి వెళ్లి రా. అక్కడ బొమ్మలు అమ్ముకునేవాళ్లలో కొందరు పగలు వేరే ఉద్యోగం చేసేవాళ్లు. వాళ్లను అడిగితే ఎలా కుదుర్చుకున్నారో ఓపిగ్గా చెబుతారు.

నీ వరుస, నాన్నగారి వరుస తయారయ్యాక రెండూ ఇక్కడే పెట్టు. నేను చూసి, ఏది ఎందుకు పైన ఉండాలనిపిస్తుందో ఒక్కొక్కటీ రాస్తాను.